నలిగిన రసీదులు

చేతులు పద్దులు వేస్తున్నంతసేపూ నజీహా ఆ గదిలో ఉండేది కాదు.

ఎడమచేత్తో బిల్లు తిరగేసేది. కుడిచేతి వేళ్లు అంకెల మీటల మీద వాటంతటవే పరుగెత్తేవి. తేదీ, సరుకు అమ్మినవాడి పేరు, పన్ను కాక ఎంత, పన్ను ఎంత, మొత్తం ఎంత. బొటనవేలితో ఒక నొక్కు. బిల్లు బోర్లా పడేది. దాని మీద ఇంకోటి. ఇలా కొన్ని బిల్లులు అయ్యేసరికి ఎదురుగా ఉన్న తెర మంచుపొరలా పలచబడేది. దాని వెనకాల ఒక ఊరు మెల్లగా కళ్లు తెరిచేది.

ఆ ఊరికి పేరు లేదు. తను ఉంటున్న రేవుపట్నం స్ఫాక్స్ అయితే కాదు. సున్నం కొట్టిన గోడల మధ్య సన్నటి సందులు, ఏదో మేడ మీంచి నీళ్లు కారుతూ వేలాడే దుప్పట్లు, మలుపులో అంజూరపండ్ల తట్ట ముందేసుకుని కునికిపాట్లు పడే మనిషి. ఏ సందులోకి తిరిగినా చివర ఒక గుమ్మమంత సముద్రం కనిపించేది. ఎంత నడిచినా అది అంతే దూరంలో ఉండేది. అదే హాయి ఆమెకు. ఆ ఊళ్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. ఇవాళ ఏం వండుతున్నావని అడగరు.

ఇంట్లో అంత మౌనం దొరకదు. భర్త మొన్సెఫ్ ఉద్యోగం నుంచి దిగిపోయాక రేడియో గొంతు పెంచాడు. మేడ మీద ఉండే ఇద్దరు ఆడపడుచులు పొద్దునా మాపూ కిందికి దిగి కాఫీలు తాగుతూ ఊరందరి సంగతులూ ఆమె వంటగదిలోనే తేల్చేవారు. మంచివాళ్లే. కానీ వాళ్ల మాటల మధ్య ఒక ఆలోచన కూర్చోవడానికి చోటుండేది కాదు. అందుకే ఆఫీసులో పని ఎక్కువైన రోజున మిగతావాళ్లు నిట్టూరిస్తే నజీహా పైకి నిట్టూర్చి లోపల చెప్పులు తొడుక్కునేది.

ఆ సోమవారం కూడా ఆమె ఆ సందుల్లోనే ఉంది. "నజీహా గారూ, ఒక్క నిమిషం" అన్న మాట చాలా దూరం నుంచి వినబడింది. తలెత్తితే యజమాని రవూఫ్ గారు నిలబడి ఉన్నాడు. నలభై దాటని మనిషి, ఎప్పుడూ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాడు. చేతిలో నిగనిగలాడే రంగుల కాగితం.

"లసాద్, ఉమైమా, మీరూ రండి."

ముగ్గురు లెక్కల మనుషులూ ఆయన చుట్టూ చేరారు. లసాద్ ఆ ఊరి మగవాళ్లలాగే చెవి వెనక దోపుకున్న మల్లెచెండు సర్దుకున్నాడు. ఉమైమా తన బల్ల దగ్గర లేచి, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

"రేపు ట్యూనిస్ నుంచి కంపెనీ మనిషి వస్తున్నాడు" అన్నాడు రవూఫ్ గారు. "వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి బిల్లు ఫొటో చూపిస్తే చాలు, అదే చదువుకుని అదే పద్దు వేసేస్తుందట. పక్కవీధి ఆఫీసువాళ్లు పెట్టుకున్నారు. నెల తిరగ్గానే వ్యాపారుల లెక్కలు వాళ్ల చేతిలో పెడుతున్నారు. మన ఖర్జూరాల వ్యాపారి నిన్న ఫోన్ చేసి, వాళ్లకి ఇస్తున్నారు, నాకెందుకు ఇవ్వరూ అని అడిగాడు. ఏం చెప్పను?"

"చెప్పండి, అక్కడ యంత్రాలు, ఇక్కడ మనుషులూ అని" అన్నాడు లసాద్.

"అది నేను చెప్పాను. ఆయన నవ్వాడు."

రవూఫ్ గారు కాగితం నజీహా బల్ల మీద పెట్టాడు. "వారం రోజులు ఊరికే చూద్దాం. శుక్రవారం ముగ్గురూ కూర్చుని మీ అభిప్రాయం చెప్పండి. నజీహా గారూ, మా నాన్న కూర్చున్న రోజుల నుంచి ఉన్నారు మీరు. మీరు వద్దంటే నేను పెట్టను. మాట."

ఆయన లోపలికి వెళ్లిపోగానే లసాద్ ఆమె బల్ల అంచున కూర్చున్నాడు.

"విన్నావా అక్కా? నువ్వు వద్దంటే పెట్టడట. ఇంకేం కావాలి మనకి? ఒక్క ముక్క అనేసెయ్."

"ఏం ముక్క?"

"వద్దూ అని. రేపు అది తప్పు పద్దు వేస్తే పన్నులవాళ్లు వచ్చి ఎవరి మెడ పట్టుకుంటారు? యంత్రం మెడా? దానికి మెడ ఉందా అసలు? ఇవాళ చేతులు లాక్కుంటారు, రేపు కుర్చీ లాక్కుంటారు. నా ఇంటి అప్పు తీరాలంటే ఇంకా ఎన్నేళ్లు ఈ కుర్చీలో కూర్చోవాలో నీకు తెలుసు కదా."

"నాకు కావాలి అది" అంది ఉమైమా.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆ పిల్ల ఎప్పుడూ పని మధ్యలో నోరు విప్పదు.

"నీకేంటి తల్లీ, చిన్నదానివి. ఇంకోచోట ఇంకో పని దొరుకుతుంది" అన్నాడు లసాద్.

ఉమైమా తన బల్ల వైపు వెళ్లిపోయింది. ఆ బల్ల గది చివర, గోడకు అభిముఖంగా, గుడగుడమనే ఏసీ కింద ఉంటుంది. నజీహా మళ్లీ బిల్లు తిరగేసింది. ఆమె ఏం చెప్పాలో ముందే తేలిపోయింది. కానీ ఎందుకు వద్దో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా ఊరు పోతుంది అంటే ఎవరు అర్థం చేసుకుంటారు?

మంగళవారం కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతాడు. నజీహా బిల్లులు చూసి ముచ్చటపడ్డాడు.

"ఇవి చాలా శుభ్రంగా ఉన్నాయండీ. వీటితోనే మొదలుపెడదాం."

నిజమే. ఆలివ్ నూనె వ్యాపారి, అత్తరు దుకాణం, పుస్తకాల షాపు, ఖర్జూరాలు ఓడలకెక్కించేవాడు. వాళ్ల బిల్లులన్నీ దళసరి కాగితం మీద అచ్చయి, మూలలు మడత పడకుండా అట్టల్లో వస్తాయి. స్కానర్ వాటిని నాలుక చాచి ఒక్కొక్కటే లోపలికి లాక్కుంది. తెర మీద వరసలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. నజీహా కూర్చుని చూసింది. తప్పు దొరుకుతుందేమోనని చూసింది. అత్తరు దుకాణం వాడి పన్ను కూడా సరిగానే వేసింది. అట్ట ఖాళీ అయిపోయింది. పొద్దు ఇంకా కిటికీ అంచు కూడా ఎక్కలేదు.

"చూశారా? ఇక మీకు హాయి" అన్నాడు కంపెనీ మనిషి.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. మీటల మీద పెట్టింది. మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. సరే, ఇప్పుడు పని లేదు కదా, ఆ ఊరికి నేరుగానే వెళ్దాం అనుకుని కళ్లు మూసుకుంది. సందు రాలేదు. ఇంట్లో అయిపోయిన కూస్‌కూస్ రవ్వ గుర్తొచ్చింది. చిన్నాడపడుచు కూతురి నిశ్చితార్థానికి కట్టుకోవాల్సిన బట్టలు గుర్తొచ్చాయి. మొన్సెఫ్ మోకాలు, పాలవాడు, కారుతున్న కుళాయి, అన్నీ వరసకట్టి వచ్చి తలుపు ముందు నిలబడ్డాయి. చేతులు పరుగెత్తుతుంటేనే మనసుకు తలుపు తెరుచుకుంటుందన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. ఖాళీ చేతులతో ఉన్న మనిషిని ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంటుంది.

రేవులో కెర్కెనా దీవులకు పోయే పడవ కూత వేసింది. రోజూ వేస్తుంది. ఆమె దాన్ని ఆఫీసులో కూర్చుని వినడం మాత్రం ఎన్నాళ్ల తర్వాతో.

"ఏంటక్కా, దిగాలుగా ఉన్నావ్?" లసాద్ కాఫీ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "మొత్తం మింగేసిందా?"

"మింగేసింది."

"తప్పు?"

"లేదు."

లసాద్ మొహం వాడిపోయింది. "ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు."

"అయినా వద్దనే చెప్పు. తప్పులు చెయ్యని మనిషిని నమ్మకూడదు. యంత్రాన్ని అసలే నమ్మకూడదు" అని గ్లాసులో మిగిలిన సగం తనే తాగేసి వెళ్లిపోయాడు.

బుధవారం ఉమైమా రాలేదు. మణికట్టులో నరం నలిగిపోతోందట, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలని ఫోన్ చేసిందట. రవూఫ్ గారు నజీహా దగ్గరికొచ్చి మొహమాటపడుతూ నిలబడ్డాడు.

"లారీల కంపెనీ రసీదులు రేపటికి అయిపోవాలి. మీకెలాగూ ఇప్పుడు..."

"ఖాళీ" అంది నజీహా.

"అదే."

ఆమె సంతోషంగానే లేచింది. చేతులకు పని దొరికింది. ఉమైమా కుర్చీలో కూర్చుని తెర వెలిగించింది. పక్కనే గోనెలాంటి పెద్ద ప్లాస్టిక్ సంచి ఉంది. అందులోకి చెయ్యి పెట్టి పిడికెడు కాగితాలు తీసింది.

అవి బిల్లులు కావు. ఊళ్లూ రోడ్లూ తిరిగే డ్రైవర్లు జేబుల్లో కుక్కుకుని, వాటి మీద కూర్చుని, చెమటలో నానబెట్టి తెచ్చిన చీటీలు. డీజిల్, టైరు పంక్చరు, రోడ్డు పన్ను, దారిలో తిన్న రొట్టె. ఒకదానికొకటి అంటుకుపోయిన వాటిని గోటితో విడదీయాలి. విడదీస్తే చిరుగుతాయి. వేడికి కొన్నిటి మీద అక్షరాలు ఎగిరిపోయి, తెల్లకాగితం మీద తెల్లటి నీడలు మిగిలాయి. వాటిని వెలుగుకు పట్టుకుని, తల పక్కకి వంచి, అది మూడా ఎనిమిదా అని చూడాలి. చూసి వేయాలి. వేసి తెల్లకాగితానికి అంటించాలి. జిగురు వేళ్లకంటుకుంటుంది. ఆ వేళ్లతోనే మళ్లీ మీటలు నొక్కాలి.

నజీహా ఎదురుచూసింది. ఇంకాసేపట్లో తెర పలచబడుతుంది, సందు వస్తుంది అనుకుంది. ఒక చీటీ. ఇంకో చీటీ. ప్రతిదాని దగ్గరా చెయ్యి ఆగుతోంది. ప్రతిదాని దగ్గరా కళ్లు చిట్లించాలి. పరుగే లేదు. ఎదురుగా గోడ ఉంది. గోడ మీద తేమ మరక ఒకటి ఉంది. ఏసీ గుడగుడమంటోంది. వెనక్కి తిరిగితే దూరంగా తన కిటికీ, దాని వెలుగు, నీటుగా సర్దిన తన బల్ల, అన్నీ ఎవరివో వేరే మనుషులవిలా కనిపించాయి.

మధ్యాహ్నానికి బొటనవేలి మొదట్లో నిప్పు రాజుకున్నట్టయింది. అక్కణ్ణించి మోచేతి దాకా పాకింది. చెయ్యి ఎక్కడ ఆనించాలా అని మీటల పలక ముందు తడిమితే మెత్తగా ఏదో తగిలింది. తీసి చూసింది. పసిపిల్ల మేజోడు. లేతపసుపు రంగుది. అందులో బియ్యం పోసి, మూతి కుట్టేసి, చిన్న దిండులా చేసుకుంది ఉమైమా. మధ్యలో మణికట్టు ఆనినచోట మేజోడు నల్లబడి, దారాలు లేచిపోయి ఉంది.

నజీహా దాన్ని ఎంతసేపు పట్టుకుందో ఆమెకే తెలియదు.

ఈ బల్లకు ఈ సంచిని పంచింది తనే. ఉమైమా ఉద్యోగంలో చేరిన రోజు రవూఫ్ గారే వచ్చి, మీరే పంచండి నజీహా గారూ, మీకు తెలుసు కదా అన్నాడు. తను పంచింది. చేతులకు అలవాటైనవి, సాఫీగా జారిపోయేవి, కళ్లు మూసుకున్నా అయిపోయేవి తన వైపు ఉంచుకుంది. లసాద్‌కు కొన్ని. మిగిలినవి అటు తోసింది. దుర్బుద్ధితో తోయలేదు. అసలు బుద్ధి పెట్టే తోయలేదు. ఆ రోజు కూడా ఆమె మనసు ఏదో సందు మలుపులో ఉండి ఉంటుంది.

నేను ఆ ఊళ్లో నడుస్తున్నంతసేపూ ఈ పిల్ల ఇక్కడ గోడను చూస్తూ కూర్చుంది అనుకుంది నజీహా. మేజోడును ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టింది.

గురువారం ఉమైమా వచ్చింది. కుడిచేతికి వేళ్ల మొదటి నుంచి మోచేయి సగం దాకా గట్టి పట్టీ. తన బల్ల దగ్గరికి వచ్చి, అంటించి పెట్టిన కాగితాల కట్ట చూసింది.

"నువ్వు చేశావా అక్కా?"

"సగమే అయింది. నాకు రాలేదమ్మా సరిగా. కొన్ని చదవలేకపోయాను, పక్కన పెట్టాను."

"గాఫ్సా డీజిల్ బంకువా? అవంతే. ఆ అచ్చు త్వరగా ఎగిరిపోద్ది. దీపం కింద పెట్టి ఏటవాలుగా చూడాలి." ఎడమచేత్తో సంచి దగ్గరికి లాక్కోబోయింది.

"డాక్టరు ఏమన్నాడు?"

"పని మానెయ్యమన్నాడు." నవ్వింది. "వాడికేం, అంటాడు. పాపని ఎత్తుకుంటే చెయ్యి వదిలేస్తోందక్కా. మొన్న స్నానం చేయించేటప్పుడు జారిపోబోయింది. మా అత్తగారు చూసి అందుకుంది కాబట్టి సరిపోయింది. అందుకే అన్నాను, నాకా సాఫ్ట్‌వేర్ కావాలీ అని. లసాద్ అన్న కోప్పడ్డాడు."

"ఇన్నాళ్లూ నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

ఉమైమా పట్టీ అంచున లేచిన నూలు పోగును గోటితో తిప్పుతూ ఉండిపోయింది.

"నువ్వు పని చేసేటప్పుడు పిలిస్తే పలకవక్కా" అంది చివరికి. "మొదట్లో రెండుసార్లు పిలిచాను. నీ పెదాలు కదుల్తుంటాయి. మొహం ఎంత బాగుంటుందో అప్పుడు. నమాజు చేసుకునేవాళ్లని పిలిచినట్టు అనిపించి ఊరుకున్నాను."

నజీహా మొహం తిప్పుకుంది. కిటికీ అవతల ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా కురుస్తోంది.

శుక్రవారం రవూఫ్ గారి గదిలో కూర్చున్నారు. నువ్వులద్దిన, కాకీ అనే కరకరలాడే సన్నటి రొట్టెలు, నిమ్మరసం తెప్పించాడు. కంపెనీ మనిషి కూడా ఒక మూల కూర్చుని ఉన్నాడు. గదిలోకి అడుగుపెట్టే ముందు లసాద్ నజీహా చెవిలో, "మొదట నేనంటాను, తర్వాత నువ్వను, అంతే, అయిపోయింది" అన్నాడు.

అన్నట్టే మొదలుపెట్టాడు. పన్నులవాళ్ల సంగతి, తప్పు ఎవరి మెడకన్న సంగతి, నమ్మకం సంగతి, పెద్దాయన కాలంలో ఈ ఆఫీసుకున్న పేరు సంగతి. బాగానే మాట్లాడాడు. రవూఫ్ గారు అన్నీ విన్నాడు.

"నువ్వన్నది నేనూ ఆలోచించాను లసాద్. యంత్రం వేసిన పద్దును ఎవరో ఒకరు చూసి సరే అనాలి కదా. అది నువ్వూ నజీహా గారూ. ఇక మీరు కూర్చుని బిల్లులు కొట్టడం ఏంటండీ? మీరు వ్యాపారులతో కూర్చోవాలి. ఎక్కడ నష్టపోతున్నారో చెప్పాలి. సలహాదారులు అని బోర్డు మీద మీ పేర్లు రాయిస్తాను. జీతం కూడా దాన్ని బట్టే."

లసాద్ నోట్లో పెట్టుకున్న రొట్టె నమలడం ఆపాడు. మళ్లీ మెల్లగా నమిలాడు.

"అలాగైతే..." అన్నాడు. "అంటే, పూర్తిగా చెడ్డదని నేననలేదు. జాగ్రత్తగా వాడితే..." నజీహా వైపు చూడకుండా నిమ్మరసం గ్లాసు అందుకున్నాడు.

"ఉమైమా?" అన్నాడు రవూఫ్ గారు.

"నాకు కావాలండీ. చెయ్యి చూస్తున్నారు కదా."

రవూఫ్ గారు ఇబ్బందిగా కంపెనీ మనిషి వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"లారీల రసీదులు కూడా పెట్టి చూశానండీ. నలిగిపోయాయి, వెలిసిపోయాయి. సగం చదువుతోంది, సగం తోచింది వేస్తోంది. శుభ్రమైన బిల్లులైతే దానికి ఎదురులేదు. ఇవి మాత్రం ఇంకా నేర్చుకోవాలి. అందాకా ఇవి మనిషే చెయ్యాలి."

"అందాకా అంటే ఎప్పటిదాకా?" అడిగింది నజీహా. ఆ గదిలో ఆమె అన్న మొదటి మాట అది.

"చెప్పలేనండీ. అబద్ధం చెప్పను."

"కాబట్టి ప్రస్తుతానికి ఉమైమా అవే చేస్తుంది" అన్నాడు రవూఫ్ గారు. "ఆమెకి అలవాటైన పనే కదా. చెయ్యి నొప్పి తగ్గేదాకా నెమ్మదిగా చెయ్యమ్మా. నేనేం తొందరపెట్టను."

ఉమైమా తల ఊపింది. కాదనే అలవాటు లేని మనిషి ఊపినట్టు ఊపింది. పట్టీ కట్టిన చేతిని బల్ల కిందికి దించుకుంది.

నజీహాకు ఆ క్షణంలో అంతా ఒక పెద్ద బిల్లు తిరగబడినట్టు కనిపించింది. యంత్రం వచ్చి చేసింది కూడా తను చేసిందే. సాఫీగా జారిపోయేవి తన వైపు లాక్కుని, నలిగినవి అటు తోసింది. తనకు సలహాల కుర్చీ, లసాద్‌కు బోర్డు మీద పేరు. గోడ మాత్రం ఎక్కడిదక్కడే, ఆ పిల్ల ముందే ఉంటుంది. తను వద్దంటే తన ఊరు తనకు మిగులుతుంది. రవూఫ్ గారు మాట ఇచ్చాడు, తప్పడు. రేపటి నుంచి మళ్లీ దళసరి కాగితాలు, మళ్లీ పరుగు, మళ్లీ సున్నపు గోడల సందు. ఆ సందు ఆమెకు ఇప్పుడే, కళ్లు తెరిచి ఉండగానే, ఎంత స్పష్టంగా కనిపించిందంటే, అంజూరపండ్ల మనిషి కునుకు ఆపి తలెత్తినట్టే ఉంది.

"చెప్పండి నజీహా గారూ. మీ మాట కోసమే ఆగాను" అన్నాడు రవూఫ్ గారు.

"పెట్టండి" అంది నజీహా.

లసాద్ ఊపిరి వదిలాడు.

"నా బిల్లులన్నీ దానికే ఇచ్చెయ్యండి. ఒక్కటి కూడా నాకొద్దు. వ్యాపారులతో కూడా మాట్లాడతాను, మీరు చెప్పిన రోజుల్లో వెళ్తాను. కానీ ఆ సంచి ముగ్గురం పంచుకోవాలి. నేనూ, లసాదూ, ఉమైమా. అందులో ఉమైమా చెయ్యి బాగుపడేదాకా ఆమె వాటా నేను చేస్తాను."

"నన్నెందుకు లాగుతావక్కా?" లసాద్ గ్లాసు కింద పెట్టాడు. "సలహాదారుని జిగురు పూసుకుని కూర్చోమంటావా?"

"కూర్చోమంటాను. సలహాదారు చేతికి జిగురు అంటదా?"

రవూఫ్ గారు నవ్వబోయి ఆపుకున్నాడు. "చూడండి, మీ జీతానికి రసీదులు కొట్టిస్తే నాకు గిట్టదండీ. మీరే లెక్కల మనిషి, మీకు తెలియదా?"

"తెలుసు. మీ లెక్క తప్పని నేననడం లేదు." నజీహా గొంతు పెంచలేదు. చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "పంపకం నేను చేశాను రవూఫ్ గారూ. మంచివి నేనుంచుకున్నాను. ఎవరూ చూడలేదు, నేనూ చూసుకోలేదు. బుధవారం ఒక్కపూట ఆ కుర్చీలో కూర్చుంటే నా చెయ్యి రాత్రి దాకా నాది కాదు. ఈమె బిడ్డని ఎత్తుకోలేకపోతోంది. మీ లెక్కలో అది ఏ వరసలోకీ రాదు. నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. నేను వద్దంటే పెట్టనన్నారు. నేను సరే అనడానికి నాకిది కావాలి."

కంపెనీ మనిషి తన కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాడు. ఉమైమా తలెత్తలేదు. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రవూఫ్ గారు కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాడు. కింద వీధిలో ఎవరో పుచ్చకాయల బండిని అరుస్తూ తోసుకుపోతున్నారు. ఆ అరుపు దూరమై, మలుపు తిరిగి, ఆగిపోయేదాకా ఆయన అలాగే ఉన్నాడు.

"ఈ నెల చూద్దాం" అన్నాడు చివరికి. "ఈ నెలకి మీరన్నట్టే. తర్వాత మళ్లీ కూర్చుందాం. ఇంతకన్నా మాట ఇవ్వలేను."

"చాలు" అంది నజీహా.

బయటికొచ్చాక లసాద్ ఆమెతో మాట్లాడలేదు. చెవి వెనక మల్లెచెండు తీసి చెత్తబుట్టలో పడేసి, టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఉమైమా తలుపు దగ్గర నిలబడి ఏదో చెప్పాలని చూసింది. ఎడమచేత్తో నజీహా భుజాన్ని ఒకసారి పట్టుకుని వదిలి, పాప కోసం త్వరత్వరగా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మొన్సెఫ్ రేడియో తగ్గించి, "ఏంటి, అలా ఉన్నావ్?" అని అడిగాడు. "ఒక ఊరు వదిలిపెట్టి వచ్చాను" అందామనుకుంది. "ఎండ" అంది.

సోమవారం నజీహా అందరికన్నా ముందే వచ్చింది. వాచ్‌మన్‌ను బతిమాలి ఉమైమా బల్లను గోడ దగ్గర్నుంచి ఈడ్పించి కిటికీ పక్కన వేయించింది. బల్ల కాళ్లు నేల మీద రెండు పొడుగాటి గీతలు గీశాయి. దాని కింద ఎన్నాళ్లదో దుమ్ము, ఒక పెన్ను మూత, ఎండిపోయిన మల్లెరేకులు. అన్నీ ఊడ్చింది.

ఉమైమా వచ్చి చూసి నిలబడిపోయింది.

"కూర్చో" అంది నజీహా. "నీ చెయ్యి పని చెయ్యదు, నోరు పని చేస్తుంది కదా. నువ్వు చదువు, నేను వేస్తాను. నా కళ్లకి ఆ గాఫ్సా చీటీలు ఆనవు."

ఉమైమా చీటీని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదట పంతులమ్మ ముందు పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా, బెరుగ్గా. నజీహా వేళ్లు కదిలాయి. ఆగాయి. కదిలాయి. అలవాటు చొప్పున ఆమె తెర వెనక్కి చూసింది. ఏమీ పలచబడలేదు. ఎలా పలచబడుతుంది? చెవిలో ఒక గొంతు ఊరూ తేదీ చెబుతూనే ఉంది. కసెరీన్, డీజిల్. కైరవాన్, పంక్చరు. ఆపమ్మా, కాసేపు ఊరుకో అందామని నోటిదాకా వచ్చింది. ఆడపడుచుల మధ్య కూర్చున్నట్టే చిరాకు వేసింది. ఇదా నేను ఏరి కోరి తెచ్చుకుంది అనుకుంది. ఏమీ అనలేదు. తర్వాతి పద్దు వేసింది.

లసాద్ ఆలస్యంగా వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. తన బల్ల మీద సర్దిపెట్టిన చీటీల కట్టను, దాని పక్కన జిగురు సీసాను చూసి ముక్కు ఎగబీల్చాడు. కాసేపు పేపరు చదివాడు. కాసేపు ఫోను చూశాడు. చివరికి చొక్కా చేతులు మడుచుకుని, మొదటి చీటీని ఇంకోదాన్నుంచి గోటితో విడదీస్తూ, దేవుణ్ణి సాక్షిగా పిలుస్తూ గొణిగాడు.

ఉమైమా చదవడం ఆపింది.

"అక్కా, ఇది చూడు."

"ఏంటి, చదవలేకపోతున్నావా?"

"చదవగలను. తోజర్‌లో ఒక దుకాణం. కాటుక డబ్బా, గోరింట, వెండిపూత దువ్వెన, గాజు సీసాలో అత్తరు." ఆమె చీటీని తిప్పి చూసింది. "మూడో నెంబరు లారీ డ్రైవరు. డీజిల్ చీటీల మధ్యలో పెట్టి ఇచ్చేశాడు."

"ఆ పెద్ద మీసాల మనిషా? మెట్లెక్కి వస్తే ఆయాసపడతాడు, అతనేనా?"

"అతనే. అతనికి అరవై ఉంటాయక్కా. దువ్వెన ఎవరికంటావ్?"

"పెళ్లానికై ఉంటుంది."

"పెళ్లానికైతే చీటీ జేబులోనే పడేసుకునేవాడు" అన్నాడు లసాద్ వెనకనుంచి, తలెత్తకుండా. "ఇంట్లో దొరక్కూడదనే ఆఫీసులో ఇచ్చేశాడు. చూడండి, వచ్చే నెల ఇంకో అత్తరు సీసా వస్తుంది."

"ఛీ, నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అన్నా. కూతురికి పెళ్లి కుదిరి ఉండొచ్చు కదా?" అంది ఉమైమా.

"కూతురికి దువ్వెన ఒక్కటే కొంటాడా? మంచం కొనాలి, ఫ్రిజ్ కొనాలి."

"అవి లారీలో పట్టవేమో, అందుకే దువ్వెన కొన్నాడు."

నజీహాకు నవ్వొచ్చింది. చీటీ అందుకుని తనే చూసింది. వెలిసిపోయిన అక్షరాల్లో కాటుక అన్న మాట మాత్రం ముదురుగా మిగిలి ఉంది. ఆయాసపడుతూ మెట్లెక్కే ఆ పెద్ద మీసాల మనిషి, ఎడారి అంచున ఎక్కడో లారీ ఆపి, ఇంజను వేడి చల్లారేలోపు ఒక దుకాణంలోకి వెళ్లి, ఏ దువ్వెన బాగుంటుందీ అని ఎవరిని అడిగి ఉంటాడు?

"ఇది ఏ ఖాతాలో వెయ్యాలక్కా?" అడిగింది ఉమైమా.

"ఎందులోనూ వెయ్యకు. విడిగా పెట్టు. వచ్చినప్పుడు అతని చేతికే ఇచ్చేద్దాం."

"లసాద్ అన్న లేనప్పుడు ఇద్దాం" అంది ఉమైమా. ఈసారి పైకే నవ్వింది. రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నా ఆ నవ్వు నజీహా ఎప్పుడూ వినలేదు. పిల్ల నవ్వు కాదు, కొంచెం బొంగురుగా, గొంతు అడుగునుంచి వచ్చే నవ్వు.

లసాద్ కుర్చీ ఈడ్చుకుంటూ దగ్గరికి జరిగాడు. "ఏదీ, నన్నూ చూడనివ్వండి. వెండిపూతే అని రాసుందా?"

నజీహా చీటీని అతనికి అందించి, రెండు చేతులూ మళ్లీ మీటల మీద పెట్టుకుంది.

"తర్వాతది చదువమ్మా" అంది.